టీఎస్‌హెచ్ 11.6 నుంచి 0.18కి ఎలా పడింది? అసలు నా డోసు ఎంత?

మీరు రాసింది రెండుసార్లు చదివాను అమ్మా. మిగతావాళ్లకూ అర్థమయ్యేలా ముందు మీ పరిస్థితి నాలుగు ముక్కల్లో చెప్తాను. మీకు 33 ఏళ్లు, బరువు 58 కిలోలు, ఉండేది ఖమ్మంలో. ఫిబ్రవరి మొదట్లో థైరాయిడ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) 11.6, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్) 0.9, యాంటీ టీపీఓ (గ్రంథి మీద పడే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్. డాక్టర్ 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాశారు. మూడు వారాలకే మీరు సొంతంగా పరీక్ష చేయించుకుంటే 7.8 వచ్చింది. కంగారుపడి మందుల షాపులో అడిగితే 75 ఇచ్చారు. ఇంకో రెండు వారాలకు వేరే ల్యాబ్‌లో 6.9. అది చూసి రెండో డాక్టర్ 100 చేశారు. ఐదు వారాల తర్వాత చూస్తే 0.18, ఫ్రీ టీ4 2.0. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. భయంతో మాత్ర మొత్తం ఆపేసి ఇవాళ్టికి పది రోజులు. ఇప్పుడు మీరు అడిగేవి: నా అసలు డోసు ఎంత, తప్పు ల్యాబ్‌దా డాక్టర్లదా, మా అత్తగారికి 6.1 వచ్చింది, ఇంట్లో మిగిలిన నా 50 మాత్రలు ఆవిడకి ఇవ్వొచ్చా. ఆఖర్న ఒక్క వాక్యంలో, రెండో బిడ్డ కోసం చూస్తున్నాం అని రాశారు. నిజానికి అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. దాని గురించి చివర్లో వివరంగా చెప్తాను.

నేను డాక్టర్‌ని కాదు. ల్యాబ్ టెక్నీషియన్‌గా 26 ఏళ్లు పనిచేశాను. 2004 నుంచి నేనూ ఈ మాత్ర వేసుకుంటున్నాను. రిపోర్టు చేతిలో పట్టుకుని కౌంటర్ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను. డోసు ఖాయం చేయాల్సింది మాత్రం మీ డాక్టరే.

ముందు అర్జెంటు సంగతి. దడ ఇంకా ఉందా? గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపించినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా, ఇది చదవడం ఆపి హాస్పిటల్‌కి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. అవేమీ లేకపోతే ఈ వారంలోనే డాక్టర్‌ని కలవండి. మాత్ర ఆపేసి ఇంట్లో కూర్చోవడం ఈ సమస్యకి మందు కాదు.

ఇక అసలు విషయం. మూడు నెలల్లో మీకు మూడు డోసులు మారాయి, కానీ ఒక్క డోసుకి కూడా పూర్తిగా పనిచేసే సమయం దొరకలేదు. అదొకటి. రెండోది, మీరు మాత్ర వేసుకున్న తీరు మధ్యలో మారిపోయింది, దాన్ని ఎవరూ అడగలేదు. మీ నంబర్ల గందరగోళంలో ఎక్కువ భాగం ఈ రెండింటి వల్లే.

మొదటిది చూద్దాం. థైరాయిడ్ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ ఒంట్లో చాలా నిదానంగా ఖర్చవుతుంది. సగం ఖర్చవడానికి దాదాపు వారం పడుతుంది. అంటే మీరు రోజూ ఒకే డోసు వేసుకుంటూ పోతే, ఒంట్లో చేరాల్సిన నిల్వలో మొదటి వారానికి సగం చేరుతుంది. రెండో వారానికి 75 శాతం, మూడో వారానికి 87, నాలుగో వారానికి 94, ఐదు ఆరు వారాలకు దాదాపు మొత్తం. మేడమీద ట్యాంకు నిండుతున్నట్టే. ట్యాంకు నిండకముందే కుళాయి తిప్పి, ధార సన్నగా వస్తోందని ఇంకో మోటారు పెట్టించినట్టయింది మీ సంగతి.

టీఎస్‌హెచ్ అంతకంటే నిదానం. చాలామందికి ఇక్కడే తికమక. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ని పనిచెయ్యమని పిలిచే పిలుపు అది. థైరాయిడ్ పలకకపోతే పిలుపు గట్టిదవుతుంది, అందుకే థైరాయిడ్ తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది. హార్మోన్ సరిపడా వచ్చిందని నమ్మకం కుదిరాకే ఆ పిలుపు తగ్గుతుంది. ఒక రోజులో తగ్గేది కాదు, వారాలు పడుతుంది. అందుకే డోసు మొదలుపెట్టినా, మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే పరీక్ష చేయించాలంటారు. మీకు మూడు వారాలకు వచ్చిన 7.8 అంటే మందు పనిచేయలేదని కాదు. పనిచేస్తోందని. 11.6 నుంచి దిగుతూ దారిలో ఉంది. ఇంకో నెల అలాగే వదిలేసి ఉంటే ఆ 50తోనే ఎక్కడికి చేరేదో తెలిసేది.

పైగా ఈ పిలుపు ఉన్నదానికంటే చాలా పెద్దగా వినిపిస్తుంది. ఫ్రీ టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగొచ్చు. అంటే హార్మోన్‌లో చిన్న తేడా వచ్చినా టీఎస్‌హెచ్‌లో పెద్ద అంకె కనిపిస్తుంది. 2 ఉండాల్సిన చోట 11 చూసి, నా థైరాయిడ్ ఐదు రెట్లు పాడైంది అనుకునేవాళ్లున్నారు. అలా లెక్కపెట్టకూడదు. మీ మొదటి రిపోర్టులో ఫ్రీ టీ4 0.9, చాలా ల్యాబుల్లో 0.8 నుంచి 1.8 వరకు నార్మల్. అంటే మీ గ్రంథి అప్పటికి ఇంకా పనిచేస్తూనే ఉంది, కాకపోతే బాగా కష్టపడి. ఈ సంగతి డోసు లెక్కలో చాలా ముఖ్యం.

ఎందుకంటే, గ్రంథి అస్సలు పనిచేయనివాళ్లకి, ఆపరేషన్ చేసి తీసేసినవాళ్లకి, కిలోకి సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన మాత్ర కావాల్సి వస్తుంది. 58 కిలోలకి అది దాదాపు 93. మీ గ్రంథి ఇంకా కొంత తయారుచేస్తోంది కాబట్టి, పద్ధతిగా వేసుకుంటే మీకు 100 ఎక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు. నా అంచనా మీ డోసు 50కీ 75కీ మధ్య ఎక్కడో ఆగుతుందని. అంచనా మాత్రమే అమ్మా, దీన్ని పట్టుకుని మాత్ర మొదలుపెట్టొద్దు. ఒక రోజు 50, ఒక రోజు 75 చొప్పున మార్చి మార్చి ఇవ్వడం కూడా డాక్టర్లకి మామూలే. వారంలో సగటున ఎంత లోపలికి వెళ్లిందన్నదే లెక్క.

ఇప్పుడు రెండోది, మాత్ర వేసుకునే తీరు. మీరు రాసిన రోజువారీ వరుస చూడగానే నా పాత రోజులు గుర్తొచ్చాయి. పొద్దున ఆరింటికి లేచి థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర కలిపి ఒకే గుక్కలో. పావుగంటకి కాఫీ. ఎనిమిదింటికి టిఫిన్, టిఫిన్ అవగానే ఐరన్, కాల్షియం. ఫిబ్రవరిలో, మార్చి సగం వరకు ఇదీ వరుస. మార్చి మధ్యలో గ్యాస్ మాత్రల కోర్సు అయిపోయింది, మలబద్ధకమని ఐరన్ మానేశారు, దాంతోపాటు కాల్షియం కూడా. సరిగ్గా అదే వారంలో డోసు 100 అయింది.

ఏమైందో చూశారా? లెవోథైరాక్సిన్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. పాంటొప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. కాఫీ వెంటనే పడితే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది, అందులో పాలు కూడా ఉంటాయి. ఐరన్, కాల్షియం అయితే పేగులో ఆ మందుని పట్టుకుని కదలనివ్వవు, వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. మీరు ఇచ్చింది రెండు గంటలే. కాబట్టి సీసా మీద 75 ఉన్నా ఒంటికి పట్టింది అంతకంటే తక్కువ. మార్చి మధ్య నుంచి అడ్డుపడేవన్నీ ఒక్కసారిగా తప్పుకున్నాయి, అదే సమయంలో మాత్ర 100 అయింది. డోసు ఒక మెట్టు పెరిగిందని కాగితం చెప్తుంది, మీ ఒంటికి మాత్రం రెండు మూడు మెట్లు ఒకేసారి ఎక్కినట్టు.

నాకు జరిగింది చెప్తాను. 2009లో రక్తం తక్కువైందని ఐరన్ క్యాప్సూల్ రాశారు. దాని మీదా పరగడుపున అని ఉంది, థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే. రెండూ కలిపి వేసేసుకునేదాన్ని. ఏడాదిన్నరలో నా డోసు 75 నుంచి 100, 100 నుంచి 125 అయింది, అయినా టీఎస్‌హెచ్ 8 కిందికి దిగేది కాదు. జుట్టు ఊడిపోయేది, మెట్లెక్కితే కాళ్లు లాగేసేవి. ఆఖరికి ఒక ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) నా ఫైలు మూసి పక్కన పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో వరుసగా చెప్పండి అన్నారు. చెప్పాను. ఆయన డోసు మార్చలేదు. ఐరన్‌ని మధ్యాహ్నానికి మార్చారు, అంతే. రెండు నెలలకి టీఎస్‌హెచ్ 0.3కి వచ్చింది, డోసు తగ్గించుకుంటూ మళ్లీ 75 దగ్గర ఆగాం. అప్పటి నుంచి కౌంటర్ దగ్గర ఎవరు డోసు పెరిగిందని చెప్పినా నేను మొదట అడిగేది ఇదే, మాత్ర ఎలా వేసుకుంటున్నారు అని.

కాబట్టి ఇకమీదట ఇలా చేయండి. లేవగానే ముఖం కడుక్కుని, ఒక గ్లాసు మంచినీళ్లతో ఈ మాత్ర ఒక్కటే. కాఫీకీ టిఫిన్‌కీ కనీసం అరగంట, వీలైతే గంట. ఐరన్ అవసరమైతే మధ్యాహ్నం, కాల్షియం రాత్రి భోజనంతో. ఆ రెండూ కూడా ఒకదానితో ఒకటి కలపకూడదు. గ్యాస్ మాత్ర మళ్లీ ఎవరైనా నెలల తరబడి రాస్తే, నేను థైరాయిడ్ మందు వాడుతున్నానని చెప్పండి. పొద్దున పిల్లల హడావిడిలో కుదరడం లేదంటే రాత్రి పడుకునేముందు కూడా వేసుకోవచ్చు, అయితే తిన్నాక మూడు గంటలు గడవాలి, అప్పుడు కాల్షియం మాత్రం రాత్రి భోజనంతో వద్దు, నాలుగు గంటల ఎడం ఉండేలా ముందుకి జరపండి. ఏదో ఒకటి ఎంచుకుని దానిమీదే ఉండండి, ఓ రోజు పొద్దున, ఓ రోజు రాత్రి వద్దు. రంజాన్ ఉపవాసాలుండేవాళ్లు సహరీకి అరగంట ముందో, రాత్రి పడుకునేముందో పెట్టుకుంటారు. వ్రతం రోజు పూజ అయ్యేదాకా ఏమీ తీసుకోనంటూ మానేసే ఆడవాళ్లు చాలామంది, నీళ్లతో ఒక మాత్ర వేసుకుంటే ఏ వ్రతమూ చెడదని నా నమ్మకం. ఎప్పుడైనా మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. ఆ రోజంతా గుర్తురాకపోతే మర్నాడు రెండూ కలిపి వేసుకోవచ్చా అని మీ డాక్టర్‌ని ఒకసారి అడిగి పెట్టుకోండి. నిదానంగా ఖర్చయ్యే మందు కాబట్టి గుండె జబ్బు లేనివాళ్లకి మామూలుగా సరేనంటారు.

మాత్రలు ఎక్కడ పెడుతున్నారో రాయలేదు. వంటగదిలో పొయ్యి పైన అరలో అయితే ఇవాళే తీసేయండి. ఈ మందుకి వేడి, తేమ, వెలుతురు పడవు. మే నెల ఖమ్మం ఎండ గురించి మీకు నేను చెప్పాలా. సీసా మీద ఎంత వేడి లోపల ఉంచాలో రాసి ఉంటుంది, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, మూత బిగించి పెట్టండి. లోపలుండే తేమ పీల్చే చిన్న పొట్లాన్ని పారేయొద్దు. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్, ఏదైనా సరే, ఒక కంపెనీది మొదలుపెడితే అదే కొనసాగించండి. షాపులో అది లేక వేరేది ఇస్తే తీసుకోవచ్చు గానీ ఆరు వారాలకి ఒకసారి పరీక్ష చేయించండి.

ల్యాబ్ తప్పా అన్నారు. 7.8, 6.9 విషయంలో కాదు. వేర్వేరు ల్యాబుల్లో వేర్వేరు మిషన్లు, అవి వాడే రసాయనాలు వేరు, నార్మల్ రేంజ్ కూడా కొద్దిగా తేడాగా ఉంటుంది. టీఎస్‌హెచ్ రోజు మొత్తంలో ఒకేలా ఉండదు కూడా. అర్ధరాత్రి దాటాక ఎక్కువ, మధ్యాహ్నం, సాయంత్రం తక్కువ. ఒకే మనిషికి అటూ ఇటూ 40, 50 శాతం తేడా వచ్చినా థైరాయిడ్ మారినట్టు కాదు. అందుకే 7.8కీ 6.9కీ మధ్య నేనైతే తేడా చూడను. ఒకే ల్యాబ్, ఒకే టైము పెట్టుకోండి. పొద్దున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. మాత్ర వేసుకున్నాక కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. జ్వరం, డెంగీ, ఆపరేషన్ లాంటివి అయి మంచం మీద ఉన్నప్పుడు, లేచిన కొత్తల్లో, ఈ పరీక్ష చేయించొద్దు. ఆ సమయంలో అంకెలు తారుమారుగా వస్తాయి.

కానీ మీ 0.18 రిపోర్టు గురించి నాకు ఒక అనుమానం ఉంది. జుట్టు ఊడుతోందని మార్చి చివర్లో బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాముల మాత్రలు మొదలుపెట్టానని రాశారు. పరీక్ష రోజు కూడా వేసుకున్నారా? ఇది ల్యాబ్ లోపల ఏం చేస్తుందో చెప్తాను, నేను రోజూ చేసిన పని కాబట్టి. పసుపు మూత ట్యూబులో మీ రక్తం గడ్డకట్టాక తిప్పితే, పైకి తేలే లేత పసుపు నీరే సీరం. అది మిషన్‌లోకి వెళ్తుంది. చాలా మిషన్లలో టీఎస్‌హెచ్‌ని పట్టుకునే రసాయనానికి బయోటిన్ అనే తోక ఉంటుంది, ఆ తోకని పట్టి ఆపడానికి సన్నని పూసల మీద కొక్కేలుంటాయి. పట్టుబడ్డ దాన్ని బట్టి వెలుతురు వస్తుంది, ఆ వెలుతురుని మిషన్ కొలుస్తుంది. మీ రక్తంలోనే బోలెడు బయోటిన్ ఉంటే ఆ కొక్కేలన్నీ ముందే నిండిపోతాయి. వెలుతురు తగ్గుతుంది, టీఎస్‌హెచ్ తక్కువని ప్రింటు వస్తుంది. ఫ్రీ టీ4 పరీక్ష దీనికి తిరగేసిన పద్ధతి, అక్కడ వెలుతురు తగ్గితే హార్మోన్ ఎక్కువున్నట్టు లెక్క. అంటే బయోటిన్ ఒక్కటే టీఎస్‌హెచ్‌ని తక్కువగా, ఫ్రీ టీ4ని ఎక్కువగా చూపించగలదు. చూసినవాళ్లెవరైనా డోసు ఎక్కువైందనే అనుకుంటారు. అన్ని మిషన్లూ ఇలా ఉండవు, ల్యాబ్‌వాళ్లని అడిగితే చెప్తారు.

మీకు దడ, వణుకు నిజంగానే ఉన్నాయి కాబట్టి డోసు కొంత ఎక్కువైందన్నది నిజమే అనుకుంటున్నాను. కానీ ఆ 0.18లో ఎంత మందుదో, ఎంత బయోటిన్‌దో ఆ కాగితం చెప్పలేదు. బయోటిన్ ఇవాళ ఆపేయండి. మూడు రోజులు గడిచాక, డాక్టర్ సలహాతో ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ రెండూ చేయించండి. ఇప్పుడు రెండింట్లో ఫ్రీ టీ4నే ఎక్కువ నమ్మాలి. పది రోజులు మానేశారు కాబట్టి మాత్రలతో చేరిన నిల్వలో మూడింట రెండు వంతులు ఇప్పటికే ఖర్చయి ఉంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఇంకా కిందే కూర్చుని ఉండొచ్చు. ఆ రిపోర్టు, పాతవన్నీ, మాత్రలు వేసుకున్న వరుస ఒక కాగితం మీద రాసి, ఒక్క డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన చెప్పిన డోసు మొదలుపెట్టిన తేదీ క్యాలెండర్ మీద రాసి, అక్కడి నుంచి ఆరు వారాలు లెక్కపెట్టి పరీక్ష తేదీ కూడా రాసేయండి. మధ్యలో ఎంత నీరసంగా అనిపించినా, పక్కింటావిడ ఏమన్నా, పరీక్ష వద్దు.

రిపోర్టులో మిగతా అంకెల గురించి టెన్షన్ పడొద్దు. యాంటీ టీపీఓ ఒకసారి పాజిటివ్ వచ్చిందంటే కారణం తెలిసినట్టే, మన రోగనిరోధక శక్తే గ్రంథి మీద పడుతోందని అర్థం. దాన్ని బట్టి డోసు నిర్ణయించరు, మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోన్ పరీక్ష కూడా మామూలుగా డోసు చూసుకోవడానికి అక్కర్లేదు. గర్భిణులకీ, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకీ టోటల్ టీ4 ఎక్కువ వస్తుంది, అది రక్తంలో హార్మోన్‌ని మోసే ప్రొటీన్ పెరగడం వల్ల. అందుకే ఫ్రీ టీ4 చూస్తారు. ఇంకొకటి, అరుదే అయినా చెప్పాలి. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన ఆడవాళ్లకి కొందరికి పిట్యూటరీయే దెబ్బతింటుంది. అప్పుడు పిలిచేవాళ్లే ఉండరు కాబట్టి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపిస్తుంది, ఫ్రీ టీ4 మాత్రం తక్కువుంటుంది. కాన్పు తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, మనిషి వాడిపోతూ ఉంటే టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి బాగానే ఉందని వదిలేయకూడదు.

అత్తగారికి మీ మాత్రలు ఇవ్వొద్దు. దయచేసి ఇవ్వొద్దు. ఆవిడకి 74 ఏళ్లన్నారు. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువుండటం సహజం. 6.1 ఉండి, ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంటే, ఆ వయసులో చాలామందికి మందే అక్కర్లేదు. యూరప్‌లో ఇలాంటి రిపోర్టులున్న, 65 ఏళ్లు దాటిన 737 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఈ మాత్ర వేసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ నీరసంలో గానీ ఇతర లక్షణాల్లో గానీ తేడా కనిపించలేదు. ఎక్కువైతే మాత్రం పెద్దవాళ్లలో గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. రెండు మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయించి, డాక్టర్‌కి చూపించండి. ఒకవేళ రాసినా ఆ వయసులో 12.5 లేదా 25తో మొదలుపెడతారు. సీసా ఇంటికొచ్చాక అంకె కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. 12.5 రాస్తే 125 ఇచ్చిన షాపుని నేను చూశాను. అచ్చులో ఆ చుక్క ఎంత చిన్నగా ఉంటుందంటే, వేలు అడ్డం పడితే కనపడదు.

ఇది జీవితాంతం వాడాలా అని కూడా బాధపడ్డారు. యాంటీ టీపీఓ పాజిటివ్, టీఎస్‌హెచ్ 10 పైన ఉన్నవాళ్లకి చాలావరకు అవుననే చెప్పాలి. కానీ ఇది అలవాటుపడే మందు కాదు, మీ గ్రంథి తయారుచేసే హార్మోనే. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టర్, గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని థైరాయిడ్ బాగా తగ్గిపోయిన ఒక 46 ఏళ్ల ఆవిడకి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. అప్పటికి ఆ జబ్బుకి మందే లేదు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. ఆ రోజుల్లో గొర్రెల గ్రంథుల మీద ఆధారపడ్డారు, మనకి చిన్న మాత్ర ఉంది. తిండి విషయంలో, థైరాయిడ్‌కి పడదని క్యాబేజీ మానక్కర్లేదు, వండుకుని తినండి, అయోడిన్ ఉప్పు మామూలుగా వాడండి. బరువు సంగతి కూడా, థైరాయిడ్ వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలే, అందులోనూ ఎక్కువ నీరే. తొందరగా తగ్గాలని డోసు పెంచుకుంటే గుండె మీద పడుతుంది.

ఇక రెండో బిడ్డ సంగతి. డోసు కుదురుకుని, టీఎస్‌హెచ్ 2.5 లోపుకి వచ్చేదాకా ఆగమని చాలామంది డాక్టర్లు చెప్తారు, మీరూ అదే అడగండి. రెండు మూడు నెలలు, అంతే. కారణం ఏమిటంటే, కడుపులో బిడ్డ మొదటి మూడు నెలలు థైరాయిడ్ హార్మోన్ కోసం పూర్తిగా తల్లి మీదే ఆధారపడుతుంది, బిడ్డ మెదడు తయారయ్యేదీ అప్పుడే. ఆ సమయంలో మీకు మామూలుకంటే 25, 30 శాతం ఎక్కువ మందు కావాల్సి వస్తుంది. చాలామంది నెల తప్పాక, స్కాన్ అయ్యాక, ఎనిమిదో వారంలోనో పదో వారంలోనో మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్తారు. అప్పటికి విలువైన వారాలు గడిచిపోతాయి. అందుకని ఇప్పుడు వెళ్లినప్పుడే డాక్టర్‌ని అడిగి చీటీ మీద రాయించుకోండి: ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలు కనిపించిన రోజు నుంచి నేను వారానికి రెండు మాత్రలు ఎక్కువ వేసుకోవచ్చా? అంటే వారానికి ఏడుకి బదులు తొమ్మిది. సరేనంటే ఆ రోజే మొదలుపెట్టి, ఆ వారంలోనే రక్తపరీక్షకి వెళ్లండి. ఆ తర్వాత సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి, మళ్లీ ముప్ఫయ్యో వారం దగ్గర ఒకసారి టీఎస్‌హెచ్ చూస్తారు. నాలుగో నెల నుంచి ఐరన్, కాల్షియం మాత్రలు తప్పకుండా ఇస్తారు, వాటిని మానొద్దు, పైన చెప్పినట్టు మధ్యాహ్నానికి, రాత్రికి మార్చుకోండి. కాన్పు అయిన మర్నాటి నుంచి మామూలుగా పాత డోసుకే వచ్చేస్తారు, ఆరు వారాలకి మళ్లీ పరీక్ష. పాలిచ్చేటప్పుడు ఈ మాత్ర వేసుకోవచ్చు.

కొత్త రిపోర్టు వచ్చాక ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ అంకెలతోపాటు, వాటి పక్కనుండే నార్మల్ రేంజ్, రక్తం ఇచ్చిన టైము, ఆ రోజుకి బయోటిన్ ఆపి ఎన్ని రోజులైందో కూడా రాయండి. చూసి చెప్తాను.